కృచ్ఛ్రసాధ్యత నుంచి స్కోరు వరకు: పిత్తాశయ కీహోల్ శస్త్రచికిత్సలో ముందస్తు అంచనా చరిత్ర

వ్యాససంగ్రహం

పిత్తాశయంలో రాళ్ళున్నవారికి నేడు కీహోల్ పద్ధతిలో చేసే శస్త్రచికిత్స సర్వసాధారణమైంది. అయితే ఈ శస్త్రచికిత్స అందరిలోనూ ఒకేలా సాగదు. ఎవరిలో కష్టమవుతుందో ముందుగానే అంచనా వేయాలన్న ప్రయత్నానికి ఒక చరిత్ర ఉంది. 18వ శతాబ్ది ఫ్రెంచి శస్త్రవైద్యుల పరిశీలనల నుంచి 21వ శతాబ్దంలో భారతదేశంలో రూపొందిన స్కోరు వరకు ఆ చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చరకసంహితలోని 'కృచ్ఛ్రసాధ్య' భావనను ఇందుకు పోలిక ప్రమాణంగా తీసుకుంటుంది. కఠినత రోగి దేహంలో మాత్రమే ఉండే గుణం కాదనీ, రోగి, వైద్యుడు, పద్ధతి, పరిస్థితుల మధ్య ఏర్పడే సంబంధమనీ నిరూపించడం, ముందస్తు అంచనాకు అసలు ప్రయోజనం వైద్యుని నిర్ణయంలోనూ రోగితో జరిగే సంభాషణలోనూ ఉందని చూపడం ఈ వ్యాస లక్ష్యాలు.

కీలకపదాలు: పిత్తాశయం, కీహోల్ శస్త్రచికిత్స, కృచ్ఛ్రసాధ్యం, ముందస్తు అంచనా, పిత్తనాళ గాయం, సమ్మతి, వైద్యభాష.

1. ఉపోద్ఘాతం

కాలేయానికి అడుగున ఆనుకొని ఉండే చిన్న సంచి పిత్తాశయం. కాలేయం తయారుచేసే పైత్యరసం ఇందులో నిల్వ ఉండి, చిక్కబడి, భోజనానంతరం పేగులోకి చేరుతుంది. ఈ సంచిలో రాళ్ళు ఏర్పడి బాధ కలిగిస్తే సంచినే తొలగించడం స్థిరపడిన చికిత్స. పొట్ట మీద నాలుగైదు అంగుళాల కోతకు బదులు సాధారణంగా నాలుగు చిన్న రంధ్రాలు చేసి, ఒకదానిలోంచి కెమెరాను, మిగిలినవాటిలోంచి పరికరాలను పంపి ఈ పని చేస్తారు. దీన్నే లాపరోస్కోపీ అనీ, వాడుకలో కీహోల్ ఆపరేషన్ అనీ అంటున్నాం.

ఇదే శస్త్రచికిత్స ఒకరిలో ముప్పావుగంటలో ముగుస్తుంది. మరొకరిలో మూడు గంటలైనా తెమలక, చివరికి పొట్ట తెరవవలసి వస్తుంది. అరుదుగా పిత్తాశయ నాళం అనుకొని ప్రధాన పిత్తనాళాన్ని కోయడం జరుగుతుంది. ఆ గాయం వల్ల రోగి జీవితం తలకిందులవుతుంది. పునర్నిర్మాణ శస్త్రచికిత్సలు, పదేపదే వచ్చే కామెర్లు, జ్వరాలు, కొందరిలో కాలేయం చెడిపోవడం దాని పర్యవసానాలు. కాబట్టి 'ఇది కష్టమవుతుందా?' అన్న ప్రశ్నకు శస్త్రశాలలోకి వెళ్ళకముందే సమాధానం వెతకడం వైద్యుని సౌకర్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, రోగి ప్రాణానికి సంబంధించిన విషయం.

వైద్యశాస్త్ర గ్రంథాలు ఈ అంశాన్ని గణాంకాల దృష్టితో చర్చించాయి. 'కఠినం' అన్న మాటకు ఏ కాలంలో ఏ అర్థం ఉండేది, ఆ అర్థం ఎందుకు మారింది అన్న ప్రశ్నలు మాత్రం చరిత్రకూ భాషకూ చెందినవి. ఈ వ్యాసం ఆ ప్రశ్నలకు పరిమితం.

2. సాధ్యాసాధ్య విచారం: చరకుని వర్గీకరణ

చికిత్స మొదలుపెట్టకముందే దాని ఫలితాన్ని అంచనా వేయాలన్న ఆలోచన భారతీయ వైద్య సంప్రదాయంలో చాలా పాతది. చరకసంహిత సూత్రస్థానం పదో అధ్యాయం వ్యాధులను సాధ్యాలు, అసాధ్యాలు అని విభజిస్తుంది. సాధ్యాలలో సులభంగా నయమయ్యేవి సుఖసాధ్యాలు, కష్టం మీద నయమయ్యేవి కృచ్ఛ్రసాధ్యాలు. అసాధ్యాలలో పూర్తిగా నయం కాకపోయినా అదుపులో ఉంచదగినవి యాప్యాలు, ఏ చికిత్సకూ లొంగనివి మరొక తెగ. ఈ తేడా తెలియకుండా అసాధ్యవ్యాధికి చికిత్స చేయబూనిన వైద్యుడు ధనాన్నీ, విద్యనూ, కీర్తినీ పోగొట్టుకుంటాడని అదే అధ్యాయం హెచ్చరిస్తుంది.

కృచ్ఛ్రసాధ్య లక్షణాలుగా చరకుడు పేర్కొన్నవాటిలో కొన్ని ఇక్కడ గమనించదగినవి: రోగి వృద్ధుడో బాలుడో గర్భిణియో కావడం, వ్యాధి కొత్తది కాకపోవడం, శస్త్రం గాని క్షారం గాని అగ్నికర్మ గాని అవసరమయ్యేది కావడం, కష్టమైన చోట పుట్టినది కావడం. వీటితోపాటు మరొక లక్షణం కూడా ఉంది. చికిత్సకు అవసరమైన నాలుగు పాదాలు, అంటే వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి, సంపూర్ణ గుణాలతో సమకూడకపోవడం.

ఈ చివరి లక్షణం కీలకమైనది. చరకుని దృష్టిలో కష్టం అనేది వ్యాధిలో ఎంత ఉందో వైద్యునిలోనూ, సాధనసామగ్రిలోనూ, సహాయకులలోనూ అంత ఉంది. అదే వ్యాధి ఒక చోట సుఖసాధ్యమై, మరొక చోట కృచ్ఛ్రసాధ్యం కావచ్చు. ప్రాచీనులకు పిత్తాశయ శస్త్రచికిత్స తెలుసునని చెప్పడం ఈ ప్రస్తావన ఉద్దేశం కాదు. మూత్రాశయంలోని రాయిని శస్త్రంతో తీసే విధానం సుశ్రుతసంహితలో ఉంది కాని, పిత్తాశయాన్ని తొలగించే విధానం ఆ గ్రంథాల్లో లేదు. మూత్రాశయ రాయికి శస్త్రకర్మ చెప్పిన సందర్భంలో, చికిత్స చేయకపోతే మరణం నిశ్చయమనీ, చేస్తే ఫలితం సందేహమనీ, అందువల్ల ముందుగా రాజు అనుమతి తీసుకోవాలనీ సుశ్రుతుడు చెప్పడం మాత్రం మన చర్చకు సంబంధించినదే. ముందుగా అంచనా వేయడం, అంచనా వేసినదాన్ని బయటికి చెప్పడం, చెప్పి అనుమతి పొందడం అన్న మూడు మెట్లూ అక్కడ ఉన్నాయి. ఆధునిక శస్త్రవైద్యం ఈ మూడింటినీ ఎప్పుడు, ఎలా చేరుకుందో ఇకముందు చూద్దాం.

3. తెరిచి చూస్తేనే తెలిసిన కాలం

పిత్తాశయానికి సంబంధించి ముందస్తు అంచనా తొలి రూపం 18వ శతాబ్దిలో కనిపిస్తుంది. ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఝాఁ లూయీ పెతీ 1733లో పిత్తాశయంలో చేరిన చీమును బయటికి తీసే విషయం చర్చించాడు. పిత్తాశయం పొట్టగోడకు అతుక్కొని ఉంటేనే దానికి గాటు పెట్టాలని ఆయన అభిప్రాయం. అతుకు లేకపోతే పైత్యరసం కడుపులో చిమ్మి రోగి చనిపోతాడు. అతుకు ఉందో లేదో తెలుసుకోవడానికి ఆయన చర్మం మీది ఎరుపును, వాపును గుర్తుగా తీసుకున్నాడు.

పెతీకి అతుకు రక్షణ. నేటి కీహోల్ శస్త్రవైద్యునికి అదే అతుకు ప్రమాద సూచన. పిత్తాశయం చుట్టూ ఉన్న భాగాలు దానికి అతుక్కుపోతే నాళాలను విడదీసి గుర్తించడం కష్టమవుతుంది. దేహంలోని స్థితి ఒక్కటే అయినా పద్ధతి మారగానే దాని అర్థం తిరగబడింది. కఠినత దేహానికి మాత్రమే చెందిన గుణం కాదనడానికి చరిత్రలో ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం అవసరం లేదు.

1867 జూన్ 15న అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో జాన్ స్టఫ్ బాబ్స్ ఒక మహిళకు పొట్ట తెరిచి శస్త్రచికిత్స చేశాడు. అది అండాశయపు గడ్డ కావచ్చునని అనుకున్నారు. తెరిచి చూస్తే ఉబ్బిన పిత్తాశయం కనిపించింది. దాన్ని కోసి, రాళ్ళు తీసి, తిరిగి కుట్టాడు. రోగి కోలుకుంది. పిత్తాశయాన్ని తెరిచి రాళ్ళు తీసిన తొలి శస్త్రచికిత్సగా చరిత్ర దీన్ని గుర్తుపెట్టుకుంది. ఇందులో కఠినతను అంచనా వేయడం మాట అటుంచి, ఏ అవయవానికి శస్త్రచికిత్స జరగబోతున్నదో కూడా ముందు తెలియదు. ఆ కాలంలో రోగనిర్ణయం కోత తరువాతే జరిగేది.

1882 జూలై 15న బెర్లిన్‌లోని లాజరస్ ఆసుపత్రిలో కార్ల్ లాంగెన్‌బుఖ్ పిత్తాశయాన్ని మొత్తంగా తొలగించాడు. రోగి 43 ఏళ్ళ పురుషుడు. పదహారేళ్ళుగా ఆ బాధతో చిక్కిపోయినవాడు. అందుకు ముందు లాంగెన్‌బుఖ్ కొన్నేళ్ళపాటు మృతదేహాల మీద ఈ శస్త్రక్రియను అభ్యసించాడు. రోగి దేహంలో ఏముందో ముందు తెలుసుకునే సాధనం లేనప్పుడు, వైద్యుడు తన చేతిని ముందుగా సిద్ధం చేసుకోవడం ఒక్కటే మార్గం. చరకుని పరిభాషలో చెప్పాలంటే, రోగి పాదాన్ని అంచనా వేయలేని కాలంలో లాంగెన్‌బుఖ్ వైద్య పాదాన్ని బలపరచాడు.

4. బయటి గుర్తుల నుంచి లోపలి నీడల వరకు

స్విట్జర్లాండ్‌కు చెందిన లుడ్విగ్ కుర్వోజియే 1890లో వెలువరించిన గ్రంథంలో ప్రధాన పిత్తనాళం మూసుకుపోయిన 187 మంది వివరాలను పరిశీలించాడు. రాయి అడ్డుపడినవారిలో పిత్తాశయం ఉబ్బడం అరుదు. ఇతర కారణాలతో నాళం మూసుకుపోయినవారిలో ఉబ్బడం తరచు. దీర్ఘకాలం రాళ్ళున్న పిత్తాశయం పదేపదే వచ్చిన వాపు వల్ల ముడుచుకుపోయి గట్టిపడుతుందని, అందుకే ఉబ్బలేదని దీనికి వివరణ. కామెర్లున్న రోగి పొట్టను చేతితో తడిమి లోపలి స్థితిని ఊహించే దారి దీంతో ఏర్పడింది. ఒక్క రోగిలో ఒక్క వైద్యుడు చూసినదాన్ని బట్టి కాక, అనేకుల అనుభవాన్ని కూడబెట్టి లెక్కగట్టి నియమం చెప్పడం ఇందులోని కొత్తదనం. తరువాతి కాలపు స్కోర్లకు ఇదే మూలబీజం.

20వ శతాబ్ది ఆరంభంలో అమెరికన్ శస్త్రవైద్యుడు జాన్ బెంజమిన్ మర్ఫీ మరొక గుర్తును ప్రచారంలోకి తెచ్చాడు. కుడి పక్కటెముకల కింద నొక్కి ఉంచి ఊపిరి పీల్చమంటే, వాచిన పిత్తాశయం వేళ్ళకు తగలగానే రోగి ఊపిరి బిగబడుతుంది. తెలుగు రాష్ట్రాల వైద్య విద్యార్థులు నేటికీ దీన్ని మర్ఫీ సైన్ పేరుతోనే నేర్చుకుంటున్నారు.

1924లో సెయింట్ లూయిస్ నగరంలో ఎవార్ట్స్ గ్రాహమ్, వారెన్ కోల్ ఒక రసాయనాన్ని రక్తంలోకి ఎక్కించి, అది పైత్యరసంలోకి చేరిన తరువాత ఎక్స్‌రే తీసి పిత్తాశయాన్ని చిత్రంలో చూపగలిగారు. 1970ల నుంచి వ్యాప్తిలోకి వచ్చిన అల్ట్రాసౌండ్ ఇంకా ముందుకు వెళ్ళింది. సూది గాని, రేడియేషన్ గాని లేకుండా రాయి ఎక్కడుందో, గోడ ఎన్ని మిల్లీమీటర్ల మందముందో, చుట్టూ నీరు చేరిందో లేదో చెప్పింది.

అయినా వీటి ప్రధాన ప్రయోజనం రోగనిర్ణయమే. జబ్బు ఉందా, లేదా అన్నదే ప్రశ్న. శస్త్రక్రియ ఎంత కష్టమన్న ప్రశ్నను ఇంత పట్టుదలతో అడగవలసిన అవసరం తెరిచి చేసే పద్ధతిలో కలగలేదు. ఆ పద్ధతిలోనూ కష్టమైన పిత్తాశయాలు ఉండేవి. కాని అక్కడ వైద్యుని చేయి లోపలే ఉంటుంది. గట్టిగా ఉన్నదేదో, మెత్తగా ఉన్నదేదో వేళ్ళు చెబుతాయి. చిక్కు ఎదురైతే కోతను పెంచుకోవచ్చు. కష్టం కనిపించిన చోటే దాన్ని ఎదుర్కోవచ్చు.

5. చేతి స్పర్శ తొలగిన కాలం

1985 సెప్టెంబర్ 12న జర్మనీలోని బోబ్లింగెన్‌లో ఎరిక్ మ్యూహె లాపరోస్కోప్ సహాయంతో పిత్తాశయాన్ని తొలగించాడు. మరుసటి ఏడాది జర్మన్ శస్త్రవైద్య సంఘం సమావేశంలో ఆయన దాన్ని నివేదించినప్పుడు ఆదరణ లభించలేదు. 1987లో లియోన్‌లో ఫిలిప్ మూరే, ఆ తరువాత పారిస్‌లో ఫ్రాన్స్వా దుబ్వా, బోర్దోలో జాక్ పెరిసా ఇదే దారిలో నడిచారు. కొద్ది కాలంలోనే ఈ పద్ధతి అట్లాంటిక్ దాటింది. భారతదేశంలో 1990లో ముంబయిలోని జె.జె. ఆసుపత్రిలో డాక్టర్ తెహమ్‌టన్ ఉద్వాడియా తొలిసారి ఈ పద్ధతిలో పిత్తాశయాన్ని తొలగించారు. ధనిక దేశాల ఖరీదైన విద్యగా భావించినదానికి ఒక ప్రభుత్వ ఆసుపత్రి వేదిక కావడం విశేషం.

నొప్పి తగ్గింది. ఆసుపత్రిలో ఉండవలసిన రోజులు తగ్గాయి. రోగులే ఈ పద్ధతిని కోరసాగారు. 1992 సెప్టెంబర్‌లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు జరిపిన సదస్సు, లక్షణాలున్న రోగుల్లో అధికులకు ఇది తగిన చికిత్సేనని అంగీకరిస్తూ, కడుపంతా చీము వ్యాపించినవారు, ముదిరిన కాలేయ వ్యాధిగ్రస్తులు, పిత్తాశయ క్యాన్సర్ ఉన్నవారు వంటి కొందరికి సాధారణంగా తగదని పేర్కొంది. ఇది కూడా ఒక ముందస్తు విభజనే. కాని 'తగును, తగదు' అన్న రెండు గదులే అందులో ఉన్నాయి. తగినవారిలో ఎవరికి ఎంత కష్టమన్న తారతమ్యం ఇంకా రాలేదు.

ఆ తారతమ్యం అవసరమని తెలియజెప్పినది పిత్తనాళ గాయం. తెరిచి చేసే పద్ధతిలో ఆ గాయం సుమారు 0.1 నుంచి 0.2 శాతం మందిలో జరిగేదని, కీహోల్ వచ్చాక అది 0.3 నుంచి 0.6 శాతానికి పెరిగిందని వైద్యసాహిత్యం తరచు ఉదహరిస్తుంది. శాతంగా చూస్తే చిన్న అంకె. కాని ఇది ప్రాణాపాయం లేని రాళ్ళతో వచ్చి, రెండు రోజుల్లో ఇంటికి వెళ్ళవలసిన మనుషుల లెక్క.

గాయానికి కారణమేమిటి? 2003లో లారెన్స్ వే బృందం 252 పిత్తనాళ గాయాలను విశ్లేషించింది. వాటిలో 97 శాతానికి మూలం చేతి నైపుణ్య లోపం కాదనీ, చూపు పడిన భ్రమ అనీ తేల్చింది. పిత్తాశయాన్ని పట్టి లాగినప్పుడు దాని చిన్న నాళం, ప్రధాన నాళం ఒకే వరుసలోకి వస్తాయి. తెర మీద చూస్తున్న వైద్యుడు ప్రధాన నాళాన్నే పిత్తాశయ నాళమని నమ్ముతాడు. నమ్మాక సందేహించడు. కోస్తాడు. స్పర్శ లేనప్పుడు చూపే సర్వస్వం. వాపు, కొవ్వు, గట్టిపడిన పీచు చూపును కప్పినప్పుడు భ్రమకు అవకాశం ఎక్కువ.

దీనికి రెండు జవాబులు వచ్చాయి. మొదటిది లోపల పాటించవలసిన నియమం. 1995లో స్టీవెన్ స్ట్రాస్‌బర్గ్, ఆయన సహచరులు దాన్ని స్పష్టపరచారు. పిత్తాశయానికీ కాలేయానికీ మధ్యనున్న త్రికోణంలోని కొవ్వునూ పీచునూ పూర్తిగా తొలగించాలి. పిత్తాశయం కింది భాగాన్ని కాలేయం నుంచి వేరుచేయాలి. పిత్తాశయంలోకి రెండే రెండు నిర్మాణాలు వెళుతున్నట్టు కనిపించాలి. అప్పుడే కత్తెర పెట్టాలి. రెండో జవాబు, లోపలికి వెళ్ళకముందే ఆ త్రికోణం ఎలా ఉండబోతుందో ఊహించడం. ఇక్కడి నుంచే కఠినతను అంకెల్లో చెప్పే ప్రయత్నం ఊపందుకుంది.

6. అంకెల్లోకి వచ్చిన కఠినత: 2009 నాటి భారతీయ స్కోరు

ముందస్తు అంచనాకు ప్రపంచవ్యాప్తంగా పలు పద్ధతులు వచ్చాయి. వాటిలో విస్తృతంగా పరీక్షకు నిలిచినదొకటి మన దేశంలోనే రూపొందింది. 2009లో రణధావా, పూజాహరి ఇండియన్ జర్నల్ ఆఫ్ సర్జరీలో దీన్ని ప్రచురించారు. ఒకే అనుభవజ్ఞుడైన శస్త్రవైద్యుడు చేసిన 228 శస్త్రచికిత్సలు దీనికి ఆధారం.

ఈ స్కోరు మొత్తం 15. రోగి చరిత్రలో మూడు అంశాలు: వయసు 50 దాటితే 1, పురుషుడైతే 1, పిత్తాశయ వాపుతో మునుపు ఆసుపత్రిలో చేరి ఉంటే 4. దేహపరీక్షలో మూడు: శరీర బరువు సూచిక 25 నుంచి 27.5 వరకు ఉంటే 1, అంతకు మించితే 2. పొట్ట మీద పాత కోత మచ్చ బొడ్డుకు కింద ఉంటే 1, పైన ఉంటే 2. పిత్తాశయం చేతికి తగిలితే 1. అల్ట్రాసౌండ్‌లో మూడు: గోడ మందం 4 మిల్లీమీటర్లు గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే 2, చుట్టూ నీరు చేరితే 1, రాయి మెడ భాగంలో ఇరుక్కుంటే 1. మొత్తం 5 వరకు వస్తే సులభం, 6 నుంచి 10 కఠినం, 10 దాటితే అతికఠినం. సులభమన్న అంచనా 88.8 శాతం, కఠినమన్న అంచనా 92 శాతం నిజమైనట్టు వారు నివేదించారు.

ఊహాత్మకంగా ఒక ఉదాహరణ తీసుకుందాం. 56 ఏళ్ళ పురుషుడు, ఒకసారి పిత్తాశయ వాపుతో ఆసుపత్రిలో చేరినవాడు, బరువు సూచిక 26, గోడ మందం 5 మిల్లీమీటర్లు, రాయి మెడలో ఇరుక్కుంది. వరుసగా 1, 1, 4, 1, 2, 1 కలిపితే 10. అంటే కఠినం. 34 ఏళ్ళ మహిళ, మునుపు ఆసుపత్రిలో చేరలేదు, బరువు సూచిక 23, గోడ పలుచన, మచ్చల్లేవు. స్కోరు 0. ఇద్దరికీ చీటీ మీద రాసే శస్త్రచికిత్స పేరు ఒక్కటే.

ఈ 15 మార్కుల పంపకాన్ని పరిశీలిస్తే ఒక ఆసక్తికరమైన విషయం బయటపడుతుంది. రోగి చరిత్రకు 6, దేహపరీక్షకు 5, యంత్రం చూపే చిత్రానికి 4. అంటే వైద్యుడు యంత్రం ద్వారా చూసేదానికంటే రోగిని అడిగి తెలుసుకునేదానికే ఎక్కువ విలువ. అందులోనూ ఒక్క ప్రశ్నకు, 'ఇంతకు ముందు ఇదే బాధతో ఆసుపత్రిలో చేరారా?' అన్నదానికి, నాలుగు మార్కులు. ప్రతి వాపూ తగ్గేటప్పుడు కొంత పీచును మిగిల్చిపోతుంది. చరకుడు 'కొత్తది కానిది' అన్న లక్షణాన్ని కృచ్ఛ్రసాధ్యంలో చేర్చడం ఇక్కడ గుర్తుకు రాక మానదు. వయసు, స్థానం విషయంలోనూ ఈ సామ్యం కనిపిస్తుంది.

ఆ నాలుగు మార్కులూ రోగి చెప్పే మాట మీద ఆధారపడి ఉండడం వల్ల భాషాసమస్య ఒకటి తలెత్తుతుంది. తెలుగు నేల మీద పొట్ట పైభాగంలో వచ్చే ప్రతి నొప్పికీ 'గ్యాస్ నొప్పి' అన్న పేరు స్థిరపడింది. 'రెండేళ్ళ కిందట గ్యాస్ పట్టేస్తే రెండు రోజులు సెలైన్ పెట్టారు' అని రోగి చెబితే, అది పిత్తాశయ వాపు కావచ్చునని గ్రహించగల చెవి వైద్యునికి ఉండాలి. లేకపోతే నాలుగు మార్కులు జారిపోయి, కఠినం కాస్తా సులభమవుతుంది. స్కోరు కచ్చితత్వం అంతిమంగా ఇద్దరి మధ్య జరిగే తెలుగు సంభాషణ కచ్చితత్వమే.

7. 'కఠినం' అన్న మాటకు నిర్వచనం

ముందుగా చెప్పినది నిజమైందని తేల్చాలంటే 'కఠినం' అంటే ఏమిటో నిర్వచించాలి. చరిత్రలో మూడు రకాల నిర్వచనాలు కనిపిస్తాయి.

మొదటిది కాలం, సంఘటనల మీద ఆధారపడినది. 2009 స్కోరు దీన్నే అనుసరించింది. గంటలోపు, ఏ చిక్కూ లేకుండా ముగిస్తే సులభం. ఒకటి నుంచి రెండు గంటలు పట్టినా, పైత్యరసమో రాళ్ళో లోపల చిందినా, నాళానికి గాయమైనా కఠినం. రెండు గంటలు దాటినా, పొట్ట తెరవవలసి వచ్చినా అతికఠినం. అయితే గంట అన్నది అనుభవజ్ఞునికి ఒకటి, అప్పుడే నేర్చుకుంటున్నవానికి మరొకటి.

రెండోది, కీహోల్ నుంచి తెరిచే పద్ధతికి మారడాన్ని కొలతగా తీసుకునేది. 2016లో బ్రిటన్, ఐర్లండ్ ఆసుపత్రులకు చెందిన 8,820 మంది వివరాలతో వెలువడిన అధ్యయనం ఈ దారి పట్టింది. అందులో 3.4 శాతం మందికి పొట్ట తెరవవలసి వచ్చింది. వయసు, లింగం, పిత్తాశయ గోడ మందం, ప్రధాన పిత్తనాళ వ్యాసం వంటివి దీన్ని సూచించాయి. కాని మారడం అనేది ఒక నిర్ణయం. జాగ్రత్తపరుడు త్వరగా మారతాడు, మొండివాడు మారడు. మారనంత మాత్రాన శస్త్రచికిత్స సులభమైనట్టు కాదు.

మూడోది, లోపల కంటికి కనిపించిన స్థితిని శ్రేణులుగా రాసేది. 1995లో నాసర్ బృందం నాలుగు శ్రేణులను, 2018లో అమెరికాలోని పార్క్‌లండ్ వైద్యులు ఐదు శ్రేణులను ప్రతిపాదించారు. ఇవి మొదటి రెండింటికంటే వైద్యుని స్వభావంపై తక్కువగా ఆధారపడతాయి. అయితే ఇవి లోపలికి వెళ్ళాక తెలిసేవి. ముందస్తు అంచనాలు కావు. 2020లో నాసర్, ఆయన సహచరులు ఈ రెండు పాయలనూ కలిపారు. లోపల కనిపించే శ్రేణినే లక్ష్యంగా పెట్టుకొని, దాన్ని ముందే సూచించే స్కోరును తయారుచేశారు. ఏమి జరుగుతుందన్న జోస్యం స్థానంలో ఏమి కనిపిస్తుందన్న ప్రశ్న వచ్చింది.

ఈ మూడు నిర్వచనాల్లోనూ చరకుని నాలుగు పాదాల్లో ఒక్క రోగి పాదమే స్కోరులో స్థానం పొందిందన్నది గమనార్హం. వైద్యుని అనుభవానికి, సహాయకుల నేర్పుకు, ఆసుపత్రిలో ఉన్న సౌకర్యానికి మార్కుల్లేవు. జిల్లా కేంద్రంలోని ఆసుపత్రిలో 8 స్కోరు, మహానగరంలోని ప్రత్యేక కేంద్రంలో 8 స్కోరు అంకెగా సమానమే. అనుభవంలో సమానం కావు. స్కోరును చదివేవారు ఈ లోటును తమ వివేకంతో పూరించుకోవలసి ఉంటుంది.

8. ముందుమాట, సమ్మతి

కఠినమని ముందే తెలిస్తే ఏమి మారుతుంది? అనుభవజ్ఞుడైన వైద్యుణ్ణి సిద్ధంగా ఉంచవచ్చు. ఎక్కువ సమయం కేటాయించవచ్చు. మరిన్ని పరీక్షలు చేయించవచ్చు. పెద్ద కేంద్రానికి పంపవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆగిపోయే హక్కును వైద్యుడు ముందే సంపాదించుకోవచ్చు. పిత్తాశయాన్ని పూర్తిగా తీయలేనప్పుడు కొంత భాగాన్ని వదిలి బయటపడటం, పొట్ట తెరవడం వంటి మార్గాలను 2018 నాటి టోక్యో మార్గదర్శకాలు గుర్తించాయి. వీటిని ఓటమిగా చూసే వైద్యుడు, మొదలుపెట్టిన పనిని ఎలాగైనా పూర్తి చేయాలన్న పట్టుదలతో ముందుకు పోయే అవకాశం ఉంది.

రోగికి ముందుగా చెప్పి ఉంటే ఆ పట్టుదలకు కారణం తగ్గుతుంది. ఇక్కడ తెలుగు వాడుక ఒక అడ్డంకిని సృష్టించింది. 'చిన్న రంధ్రాల ఆపరేషన్' అన్న మాట వ్యవహారంలో 'చిన్న ఆపరేషన్'గా మారింది. విశేషణం రంధ్రాన్ని వదిలి శస్త్రచికిత్సకు అంటుకుంది. రంధ్రం చిన్నదే. లోపల జరిగే పని 1882లో లాంగెన్‌బుఖ్ చేసినదే. 'చిన్న ఆపరేషన్' అని నమ్మి వచ్చిన కుటుంబానికి, పొట్ట మీద పెద్ద కోతతో రోగి బయటికి వస్తే అది వివేకంగా కాక తప్పిదంగా కనిపిస్తుంది.

న్యాయదృష్టి కూడా దీనికి అనుకూలమే. 2008 జనవరి 16న భారత సుప్రీంకోర్టు, లాపరోస్కోపీ పరీక్షకు ఇచ్చిన అనుమతితోనే అవయవాలను తొలగించిన ఒక ఉదంతంలో కీలకమైన తీర్పు చెప్పింది. ఒకదానికి ఇచ్చిన సమ్మతి మరొకదానికి వర్తించదనీ, చికిత్స స్వభావం, ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, గణనీయమైన ప్రమాదాలు రోగికి తెలిపాకే పొందినది నిజమైన సమ్మతి అనీ స్పష్టం చేసింది. ప్రాణాపాయ స్థితి మాత్రమే దీనికి మినహాయింపు. సుశ్రుతుని కాలంలో రాజును అడగవలసిన అనుమతి నేడు రోగినే అడగవలసిన అనుమతిగా మారింది. అంచనా వేసి, దాన్ని తనలోనే ఉంచుకున్న వైద్యుడు సగం పనే చేసినట్టు.

స్కోరును యథాతథంగా రోగికి చెప్పడం వల్ల ఉపయోగం లేదు. 'మీకు పదిహేనుకు పది వచ్చింది' అంటే పరీక్షల్లో ఎక్కువ మార్కులు మంచివని నేర్చుకున్న సమాజానికి అది శుభవార్తలా వినిపించవచ్చు. 'మీకు మునుపు వాచి తగ్గిన గుర్తులున్నాయి. లోపల అతుక్కుపోయి ఉండవచ్చు. రంధ్రాలతోనే మొదలుపెడతాం. స్పష్టంగా కనిపించకపోతే పొట్ట తెరుస్తాం, లేదా కొంత భాగం వదిలేస్తాం. అది మీ క్షేమం కోసమే' అన్న నాలుగు వాక్యాల్లో స్కోరు సారమంతా ఉంది.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. పిత్తాశయ శస్త్రచికిత్సలో కఠినత అనే భావన స్థిరమైనది కాదు. పెతీ కాలంలో రక్షణగా ఉన్న అతుకు కీహోల్ కాలంలో ప్రమాద సూచన అయింది.

2. కుర్వోజియే అనేకుల అనుభవాన్ని లెక్కగట్టి నియమం చెప్పడంతో పడిన దారి, చేతి స్పర్శ తొలగిపోయి చూపే ఆధారమైన కీహోల్ యుగంలో స్కోర్లుగా విస్తరించింది. పిత్తనాళ గాయం ఈ విస్తరణకు ప్రధాన ప్రేరణ.

3. 2009 నాటి భారతీయ స్కోరులో యంత్రచిత్రం కంటే రోగి చరిత్రకే ఎక్కువ విలువ ఉంది. కాబట్టి రోగి మాటను సరిగా వినడం, అర్థం చేసుకోవడం అంచనాలో అంతర్భాగం.

4. ఆధునిక స్కోర్లు రోగి దేహాన్ని కొలిచాయి. వైద్యుని అనుభవాన్నీ పరిస్థితులనూ కలుపుకొనే దృష్టి చరకుని చతుష్పాద భావనలో ఉంది. ఆ దృష్టిని నేటి పరిశోధన పరిగణించదగినది.

5. అంచనా ఫలించేది అది నిజమైనప్పుడు మాత్రమే కాదు. కష్టమని చెప్పినందువల్ల జాగ్రత్తపడి, శస్త్రచికిత్స సాఫీగా ముగిస్తే, లెక్కల్లో ఆ అంచనా తప్పుగా నమోదవుతుంది. రోగి మాత్రం క్షేమంగా ఇంటికి వెళతాడు.

వైద్యవిద్యను తెలుగులో బోధించాలన్న చర్చ పారిభాషిక పదాల దగ్గరే ఆగిపోతున్నది. రోగికి ప్రమాదాన్ని భయపెట్టకుండా, దాచకుండా చెప్పగల వాక్యాలను తయారుచేయడం అంతకంటే తక్షణమైన పని. ఆ పనిలో తెలుగు శాఖలకూ వైద్య కళాశాలలకూ సమాన బాధ్యత ఉంది.